మూడు ముఖాలు, మూడు మాటలు

అరకులోయ బస్టాండు ఎదురుగా నాకొక ఫొటో స్టూడియో ఉంది. స్టూడియో అనడం నా గొప్ప. ఒక గది, ఒక నీలం తెర, ఒక స్టూలు, ఒక జిరాక్సు మిషను, వానొస్తే జనం కంటే ముందు నీళ్ళే లోపలికి వచ్చే గుమ్మం. ఆ గదిలోనే ఇరవై రెండేళ్ళుగా నేను విలేకరిని కూడా. ఎస్.కోట నుంచి ఘాట్ ఎక్కి వచ్చిన కొత్తలో పేపరు పంచే ఏజెన్సీ కూడా నాకే ఇచ్చారు. ఈ కొండల్ని ఎలాగూ ఏజెన్సీ అనే అంటారు కాబట్టి, "ఏజెన్సీలో ఏజెన్సీ నాది" అని పెళ్ళిచూపుల్లో చెప్పుకున్నాను. పెద్దవాళ్ళు నవ్వలేదు. పిల్ల నవ్వింది. పెళ్ళయింది. ఆ మాటకి ఆవిడ మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు.

పొద్దున్నే విశాఖ బస్సులో వచ్చిన కట్ట విప్పి పేపర్లు పంచేవాణ్ణి. పదింటికి షట్టరెత్తి ఫొటోలు తీసేవాణ్ణి. మధ్యాహ్నం వార్తలు పంపేవాణ్ణి. నేను రాసినదాన్ని నేనే పంచి, నేనే చదివి, మిగిలిన పేపర్లు పకోడీల బండికి నేనే ఇచ్చేవాణ్ణి. పుట్టుక నుంచి పొట్లం దాకా వార్తకి అంత తోడున్న విలేకరి మరొకడు ఉంటాడనుకోను.

ఇప్పుడు చెప్పబోయేది ఆ రోజుల గొప్ప కాదు. నేను చేసిన ఒక పని గురించి. చాలాకాలం దాన్ని పని అనే అనుకున్నాను.

మా పేపరు జిల్లా పేజీల్లో ఏ పెద్ద కథనం వేసినా దాని కింద ఒక పెట్టె ఉండేది. అందులో తపాలా బిళ్ళంత ఫొటోలు మూడు. ఒక్కొక్క ఫొటో పక్కన ఆ మనిషి అన్నట్టుగా రెండు మూడు వాక్యాలు, కింద పేరూ ఊరూ. ఊరివాళ్ళ గోడు ఊరివాళ్ళ నోటితోనే అన్నమాట. నేను కథనం పంపగానే డెస్క్ నుంచి ఫోను వచ్చేది: "ఐటెం బాగుంది. మూడు ముఖాలు, మూడు మాటలు బేగి పంపు. ఒకటి ఆడమనిషిది ఉండాలి."

ముఖాలకి నాకు కొరత లేదు. రేషన్ కార్డుకీ, బ్యాంకు పుస్తకానికీ, పింఛనుకీ, దేనికి ఫొటో కావాలన్నా చుట్టుపక్కల కొండల మీది వాళ్ళు శుక్రవారం సంతకి దిగినప్పుడు నా స్టూలు మీదే కూర్చోవాలి. మళ్ళీ ప్రింటు అడుగుతారని ఊరికొక ఫోల్డరు పెట్టి అన్నీ దాచేవాణ్ణి. మొదట్లో అంతే ఉద్దేశం. తర్వాత తర్వాత, జీపు దొరకని రోజు, వాన పడిన రోజు, వెళ్ళినా వాళ్ళ భాష నాకు రాదు కదా అని బద్ధకించిన రోజు, ఊరికి బదులు ఫోల్డరు తెరిచేవాణ్ణి. పాస్‌ఫొటో ఒకటుంటే నా ఐటెం పాస్.

మాటలకీ కొరత లేదు. నావే. "అధికారులకు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా ఫలితం లేదు", "ప్రభుత్వం స్పందించి ఆదుకోవాలి", "ఇకనైనా చర్యలు తీసుకోవాలి". కువి తప్ప మరో భాష సరిగ్గా రాని ముసలమ్మల చేత 'మొరపెట్టుకున్నా' అనిపించిన ఘనుణ్ణి నేను. తప్పని అనిపించేది కాదు. రోడ్డు లేదని రాస్తే రోడ్డు లేనిది నిజమే కదా. అన్నది ఎవరైతేనేం అనుకునేవాణ్ణి. నాలాంటి వాళ్ళు చాలామంది అలాగే చేసేవారు, అందువల్ల అది అలవాటని అనిపించుకుంది.

ఆ ఫోల్డర్లలో నేను ఎక్కువగా వాడిన ముఖం ఒకటుంది. లోయ అంచున వాగు దాటి పైకెక్కితే వచ్చే చిన్న ఊరి ఆవిడ. అరవై దాటి ఉంటాయి. ముక్కుకి మూడు పోగులు, నుదుటి మీద పచ్చబొట్టు, ఎండ పడితే వెలిగే ముడతలు. పింఛను కోసం ఫొటో తీయించుకోవడానికి వచ్చినప్పుడు నవ్వద్దంటే నవ్వాపుకోవడానికి కెమెరా వైపు ఉరిమి చూసింది. ఆ చూపు ఏ సమస్యకైనా సరిపోయేది. నీళ్ళు లేకపోయినా, కరెంటు లేకపోయినా అదే చూపు. శుక్రవారం సంతలో నా కొట్టు ముందే అల్లం, పసుపు గుట్టలు పోసుకుని కూర్చునేది. నేను పలకరింపుగా తలాడించేవాణ్ణి. తనూ ఆడించేది. పేపర్లో ఆవిడ ఎన్నిసార్లు మాట్లాడిందో ఆవిడకి తెలీదు. మాట్లాడించిన నేనూ లెక్క పెట్టలేదు.

మొన్నటి ఏడాది జూలైలో డెస్క్ నుంచి ఫోను. బడులు తెరిచి నెల దాటింది, ఏజెన్సీలో టీచర్లు రావడం లేదట, మండలానికొక కథనం, పన్నెండింటిలోగా. బయట వాన. నేను రాశాను. శీర్షిక "చాక్‌పీసు ఉంది, చెప్పేవారేరీ?" అని పెట్టుకుని, ఆ ప్రాసకి నన్ను నేనే మెచ్చుకుని, టీ తెప్పించుకున్నాను. పెట్టెలో మూడు ముఖాలు. ఆడమనిషి ముఖం ఆవిడదే. పక్కన నా మాట: "మా ఊరి బడికి టీచరు నెలకు రెండు రోజులు కూడా రావడం లేదు. వచ్చినా పిల్లలకు అర్థం కాని భాషలో చెప్పి వెళ్ళిపోతున్నారు. అధికారులు చర్యలు తీసుకోవాలి."

ఆ ఊరికి పంతులు రావడం లేదని నాలుగేళ్ళ క్రితం ఎవరో సంతలో అనగా విన్నాను. అదీ నా ఆధారం.

తర్వాత రెండు నెలలకి మా జిల్లా పేజీలే ఎత్తేశారు. కాయితం ఖరీదన్నారు, చదివేవాళ్ళు ఫోనుల్లోకి వెళ్ళిపోయారన్నారు. నాకు ఐటెంలు పంపమని ఫోను చేసే డెస్క్ ఇన్‌చార్జి చివరిసారిగా ఫోను చేసి, ఇక ఐటెంలు పంపవద్దని చెప్పి, తనని కూడా రేపట్నుంచి రావద్దన్నారని చెప్పాడు. పొద్దుటి బస్సులో కట్ట సన్నబడి సన్నబడి, చివరికి బస్సుకి నేను ఎదురెళ్ళాల్సిన పని లేకుండా పోయింది.

నన్ను ఒక వార్తల యాప్ వాళ్ళు పెట్టుకున్నారు. యాప్‌లో వార్త అంటే ఫోను తెర మీద పట్టినంతే. నేను తెలుగులో రాసి నొక్కితే, మిషనే దాన్ని హిందీలోకీ ఒడియాలోకీ బెంగాలీలోకీ మార్చేస్తుంది. ఇక్కడ పొగమంచు పడిన ప్రతి పొద్దూ ఒక వార్తే. కలకత్తా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తన ఫోను చూపించి, ఈ మంచు మీరు రాసిందేనా అని అడిగితే, రెండు రోజుల పాటు ఆ మంచు నేనే కురిపించినట్టు తిరిగాను.

నవంబరులో యాప్ వాళ్ళ కోఆర్డినేటరు హైదరాబాదు నుంచి మాట్లాడింది. నా కూతురి వయసు ఉంటుంది. "సర్, పెద్ద భాషల్లో అందరూ వచ్చేశారు. ఇంక మిగిలింది చిన్న భాషలే. కువిలో రోజూ రెండు నిమిషాల బులెటిన్ పెడదాం. మన మిషన్‌కి కువి రాదు. తెలుగు చదివి కువిలో చెప్పగల గొంతు ఒకటి వెతకండి" అంది. మిషన్‌కి రాదట. ఇరవై రెండేళ్ళు ఇక్కడున్న నాకూ రాదు. ఆ ఒక్క విషయంలో నేనూ మిషనూ సమానం.

సంతలో వాకబు చేస్తే ఆ వాగు అవతలి ఊళ్ళో ఒక అమ్మాయి ఉందన్నారు. ఇంటరు చదివింది, బడిలో చిన్నపిల్లలకి కువిలో పాఠాలు చెప్పేది, ఇప్పుడు ఖాళీగా ఉంది. ఊరి పేరు విన్నప్పుడు నా ఒంట్లో ఏదో కదలాలి. ఏమీ కదల్లేదు. షేరు జీపులో కిందూరి దాకా వెళ్ళి, చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి పైకెక్కాను.

కాఫీ పళ్ళు కోసే రోజులు. సిల్వర్ ఓక్ చెట్ల కింద, బుట్ట నడుముకి కట్టుకుని ఉందా అమ్మాయి. పాతికేళ్ళుంటాయి.

"బడిలో పాఠాలు చెప్పేది నువ్వేనా అమ్మా?"

"సెప్పేదాన్నేనండి. ఇప్పుడు కూలికి పళ్ళు కోత్తన్నాను. ఏటి పని?"

యాప్ గురించి చెప్పాను. ఫోనులోనే పని అని, ఊరు కదలక్కర్లేదని చెప్పాను.

"వార్తలు సదవాలా? ఎవరి వార్తలు?"

"మీవే."

"మా వార్తలు మీరు రాత్తారు. నాను మా బాసలో సదివి మావోళ్ళకే సెప్పాలి. అంతేనా?"

"అంతే" అన్నాను, ఎంత సులువో చూశావా అన్నట్టు.

ఆమె పళ్ళు కోయడం ఆపి నన్ను కాసేపు చూసింది. "మీది బస్టాండు కాడ ఫొటోల కొట్టు కదండి?"

"అవునమ్మా!" గుర్తుపట్టిందని నాకు సంబరం కూడాను.

"రండి. ఒకటి సూపిత్తాను."

ఇంట్లో రేకు పెట్టె తీసి, పాలిథిన్ కవరులోంచి రెండు కాయితాలు బయటకి తీసింది. ఒకటి పాడేరులోని గిరిజన సంక్షేమ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరువు. పత్రికలో వచ్చిన ఫిర్యాదు దృష్ట్యా ఆమెను భాషా వాలంటీరు పని నుంచి తొలగించారని అందులో ఉంది. రెండోది దానికి జతచేసిన పేపరు ముక్క, జిరాక్సు. మసిబారిన తపాలా బిళ్ళలో మూడు పోగుల ముక్కు, ఆ ఉరిమే చూపు.

"ఈ ఫొటో మీ కొట్టులో తీసిందే. మా అత్త. మా అమ్మ పోయినాక నన్ను పెంచింది అదే."

"అవునమ్మా, ఫొటో..."

"ఫొటో మీదే. మాట ఎవరిదండి?"

విలేకరిగా ఇలాంటి ప్రశ్నలు ఎందరినో అడిగాను. తప్పించుకునే జవాబులు కూడా వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. డెస్క్ వాళ్ళు మార్చేశారు. ఎవరో ఫోనులో చెప్పారు. ఫొటోలు తారుమారయ్యాయి. మూడోది బాగుందనిపించింది. "ఫొటోలు తారుమారైనట్టున్నాయమ్మా. అచ్చుతప్పు."

"పేరు కూడా తారుమారైపోనాదా? ఊరు కూడానా?"

అచ్చుతప్పు కాదు, అచ్చమైన తప్పు. ఆ క్షణంలో కూడా నాకు ప్రాస తోచింది, చూడండి. అందుకు ఇంకా ఎక్కువ సిగ్గేసింది. నేల వైపు చూస్తూ "నేనే రాశానమ్మా" అన్నాను.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "నాను అత్తే అనీసిందనుకున్నానండి" అంది. "ఆ బడికి పంతులు లేడు, నానొక్కదాన్నే. రెండేళ్ళు ఒక్క రోజు బడి మానలేదు. ఇంటి నుంచి పది అడుగులు. మరి ఇంట్లో మనిషే అలగ సెప్పీసిందేటని. పది రోజులు దాంతో మాటాడలేదు. అది పోసిన అంబలి తాగలేదు. నాకు జొరం తగిలిందనుకుని ఏరు మందు నూరి పెట్టింది. అదీ పారబోసీసినాను. అప్పుడు అడిగినాను, పేపరోళ్ళకి ఏటి సెప్పినావని. పేపరోళ్ళంటే ఎవరు అందది."

అంతలో ఆ అత్తే వచ్చింది, నెత్తి మీద కట్టెల మోపుతో. నన్ను చూసి "ఫొటో బాబు!" అని మోపు దించి, నోరారా నవ్వింది. అల్లుడొచ్చినట్టు పీట వేసింది. మేనకోడలు కువిలో ఏదో చెప్పింది. ఎక్కువసేపు చెప్పింది. ముసలమ్మ నవ్వు ఆగలేదు గానీ, కళ్ళు నా మీద నిలిచాయి. ఒక మాట అడిగింది.

"ఇంకేటన్నానో అడుగుతంది" అంది అమ్మాయి.

"ఏమిటి?"

"మీ పేపర్లో ఇన్నేళ్ళూ అది ఏటేటన్నాదో సెప్పమంటంది. అన్నీ."

పీట మీద కూర్చుని చెప్పాను. గుర్తున్నంతవరకు. నేను తెలుగులో, అమ్మాయి కువిలో. కాఫీ గింజలకు గిట్టుబాటు ధర కల్పించాలి అని మీరన్నారు. ముసలమ్మ చేతులు తిప్పింది: తనకి కాఫీ మొక్కలే లేవట. ఊరికి సెల్ టవరు వేయించాలి అన్నారు. ఎవరితో మాట్లాడ్డానికి అని అడిగింది. కుళాయి లేక మురికి నీరు తాగుతున్నాం అన్నారు. ఆ మాటకి ఆవిడకి కోపం వచ్చింది. తమ ఊట నీరు మురికని తనెప్పుడంది? లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, తాగమంది. తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. చలికాలం ముసలివాళ్ళకి స్వెట్టర్లు పంచాలి అన్నారు. తలూపింది.

"ఇది బాగున్నాదంట. స్వెట్టర్లు వచ్చినాయా అంటంది."

"రాలేదు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అమ్మాయి నవ్వాపి, "ఇప్పుడు బడి గురించి ఏటన్నాదో కూడా సెప్పండి" అంది. నాకు ఆ వాక్యాలు అక్షరం పొల్లు పోకుండా వచ్చు. చెప్పాను. ఆమె వాటిని కువిలోకి మార్చలేదు. కాయితం మడిచి కవరులో పెట్టుకుంటూ ఒక్క ముక్కేదో చెప్పింది. ముసలమ్మ నా ముందున్న చెంబు తీసి పక్కన పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా ఏదో అంది, పెద్ద మాటే.

"ఏమంటోందమ్మా?"

"అది మీకు సెప్పనండి. రాసీసుకుంటారు."

వచ్చేటప్పుడు అమ్మాయి నాతో వాగు దాకా నడిచింది. "నాకు మీ ఫోను ఉద్యోగం వద్దండి. నా బడి నాకు ఇప్పించండి. మా అత్త ఆ మాట అనలేదని, నాను రోజూ ఎల్లేనని పాడేరులో సెప్పండి. ముందు బడిలో పదకొండుమంది గుంటలుండేవోరు. సెప్పేవోళ్ళు లేక ముగ్గుర్ని కిందూరి హాస్టల్లో ఏసీసినారు. ఇంకా ఎనమండుగురున్నారు. బేగి సెప్పండి."

మర్నాడే పాడేరు వెళ్ళాను. అంతవరకు బాగానే చేశాను. ఉత్తరువు ఇచ్చిన ఆఫీసరు నాకు తెలిసినవాడే, టీ ఇప్పించాడు. ఫైలు తెప్పించాడు. నా పేపరు ముక్క అందులో పచ్చటి దారంతో కుట్టి ఉంది. పేజీలు పోయాయి, పేజీలు పెట్టినవాళ్ళు పోయారు, ఈ ముక్క మాత్రం ఇక్కడ హాయిగా ఉంది. పొరపాటు జరిగిందని చెప్పాను.

"నోటి మాట ఫైలుకెక్కదు మాస్టారూ" అన్నాడు. "మీ పేపర్లో సవరణ వేయించండి. లేదా తప్పు నాదని మీరే రాసి సంతకం పెట్టండి. రెంట్లో ఏదైనా చాలు."

పేపరు ఆఫీసుకి ఫోను చేశాను. ఎవరో కొత్త గొంతు. "ఏ పేజీలో వచ్చిందండీ?" చెప్పాను. "ఆ పేజీయే లేదు కదా. సవరణ ఎక్కడ వెయ్యమంటారు?" న్యాయమే. కోఆర్డినేటరుని అడిగాను. "మన యాప్‌లో రెండ్రోజుల తర్వాత ఏ వార్తా కనబడదు సర్, సవరించడం అనేదే ఉండదు" అంది, అదొక సౌకర్యంలా.

ఇంక మిగిలింది నా సంతకం.

ఇక్కడ రాయడానికి చెయ్యి ఆడటం లేదు. అప్పుడూ ఆడలేదు. తప్పు చేశానని రాసిస్తే విలేకరి కార్డు లాక్కుంటారని, కేసు పెడతారని, బండి మీద ఎర్ర అక్షరాల 'ప్రెస్' స్టిక్కరు చూసి చెక్‌పోస్టు గొలుసు దించేవాడు ఇక దించడని, కొట్టుకి ఫొటోలకి ఎవరూ రారని భయపడ్డాను. రేపు రాద్దాం అనుకున్నాను. మర్నాడు కూడా అదే అనుకున్నాను. ఈలోగా రోజుకొకటి చొప్పున మంచు మీద వార్తలు రాశాను. వాటికి సంతకం అక్కర్లేదు.

శుక్రవారం సంతలో ముసలమ్మ తన అల్లం గుట్ట పక్కవాళ్ళకి అప్పజెప్పి నేరుగా కొట్టుకి వచ్చింది. జనం ఉన్నారు. సంత తెలుగు కొంచెం వచ్చు ఆవిడకి. కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగింది:

"ఏటి ఫొటో బాబూ, ఈ వారం నానేటన్నాను?"

జీపు డ్రైవరు ఒకడు జిరాక్సు కోసం నిలబడి ఉన్నాడు. కథ అప్పటికే కొండ దిగినట్టుంది. "సెప్పండి మాస్టారూ, మినిస్టర్నేటైనా తిట్టిందేటి?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఫొటో కోసం స్టూలు మీద కూర్చున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. అనుమానంగా తల తిప్పాడు. "నా ఫొటో కూడా మీ కాడ ఉంటది కదా బాబూ. నానేటైనా అన్నానేటి?"

"లేదు లేదు" అన్నాను. ఆయన వెళ్ళాక ఫోల్డరు తెరిచి, పాత ఐటెంలు వెతికి చూశాను. రెండుసార్లు అన్నాడు.

తర్వాతి శుక్రవారమూ వచ్చింది. అదే ప్రశ్న, అదే నవ్వు, కాకపోతే జనం ఎక్కువ. "ఈ వారం ఏమీ అనలేదమ్మా" అన్నాను. "అయితే నువ్వేటన్నావు?" అంది. డ్రైవరు ఈల వేశాడు.

మూడో శుక్రవారం ఏమీ అడగలేదు. నవ్వలేదు కూడా. లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. కుడిచెయ్యి ఎత్తి వేళ్ళు చాపి చూపించింది. అయిదు. నాకు అర్థం కాలేదు. గుమ్మంలో ఉన్న జీపు డ్రైవరే, ఈసారి ఎకసెక్కం లేకుండా చెప్పాడు: "పైన అయిదుగురు గుంటలే మిగిలేరంటండి. మొన్న మరో ముగ్గుర్ని నా జీపులోనే హాస్టలుకి దింపినాను."

షట్టరు సగం దించి టైపు చేశాను. నేను ఆ ఊరు వెళ్ళలేదు. ఆవిడను అడగలేదు. ఆవిడ ఆ మాట అనలేదు. టీచరు రోజూ బడికి వెళ్ళేది. ఆ మాటలు నేనే రాశాను. ఇరవై రెండేళ్ళలో నేను పంపిన అతి చిన్న ఐటెం. శీర్షిక తోచలేదు. కింద సంతకం పెట్టి, ముసలమ్మకి చదివి వినిపించాను. ఎంత అర్థమైందో తెలీదు. రెండు వేళ్ళు చూపించి, రెండు కాపీలు తీయించి, ఒకటి మడిచి నడుముకి దోపుకుని తన అల్లం దగ్గరికి వెళ్ళిపోయింది.

రెండోది పాడేరు పట్టుకెళ్ళాను. ఆఫీసరు చదివి, నా వైపు చూసి, కాయితాన్ని ఆ పేపరు ముక్క వెనకాల కుట్టించాడు. "అమ్మాయికి పని ఇస్తాను, అందులో ఇబ్బంది లేదు. కిందూరి బడిలో ఖాళీ ఉంది" అన్నాడు. "పై ఊళ్ళో మాత్రం అయిదుగురితో బడి నడుపుతామంటే పైవాళ్ళు ఒప్పుకోరు. మీరు మొదట వచ్చిన రోజే ఈ కాయితం ఇచ్చుంటే, ఎనమండుగురున్నారని రాసి నిలబెట్టేసేవాణ్ణి." తిట్టినట్టు అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు.

నాకేమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. ఉత్తరం నకలు పేపరు ఆఫీసుకి పంపాను, జవాబు లేదు. నన్ను తీసెయ్యడానికి అక్కడ నన్ను ఎరిగినవాళ్ళే లేరు. కోఆర్డినేటరుకి చెబితే, "పాత మీడియా అలాగే ఉండేది కదా సర్" అని సానుభూతి చూపించింది. స్టిక్కరు బండి మీద ఇంకా ఉంది, గొలుసు ఇంకా దించుతున్నారు. ఏ శిక్షకి భయపడి మూడు శుక్రవారాలు ఆగానో ఆ శిక్షే లేదు. ఆ మూడు శుక్రవారాలకి వేరేవాళ్ళ బడి పోయింది.

జనవరిలో ఒక పొద్దున ఆ పై ఊరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే సరైన జవాబు నా దగ్గర లేదు. తొమ్మిదింటికి ఆ అమ్మాయి ఊరి నుంచి దిగుతోంది, వెనకాల ఆ అయిదుగురూ. ఒకటో తరగతి ఈడు పిల్లలు. హాస్టల్లో వెయ్యడానికి మరీ చిన్నవాళ్ళు, ఒంటరిగా వాగు దాటడానికీ చిన్నవాళ్ళే. అందుకని రోజూ కిందూరి బడికి తనతో తీసుకెళ్ళి తీసుకొస్తోందట. ఆ పని ఉత్తరువులో లేదు. పైన బడి గది తలుపుకి గొళ్ళెం వేసి ఉంది.

వాళ్ళ వెనకే దిగాను. వాగు మోకాళ్ళ లోతు, చలికి కాళ్ళు కోసేస్తోంది. ఆమె ఒక్కొక్కరిని చంకనెత్తుకుని దాటించడం మొదలుపెట్టింది. మంచులోంచి ఎండ సరిగ్గా ఆమె మీద పడుతోంది. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. ఫోను సగం బయటికి వచ్చింది.

"తియ్యకండి" అంది, తిరిగి చూడకుండానే.

జేబులో పెట్టేసి, ప్యాంటు పైకి మడిచి, నేనొకరిని దాటిస్తానన్నాను. ఎత్తుకోబోతే ఆ పిల్లాడు వాగు అదిరేలా ఏడ్చాడు. రెండోవాడు ఎత్తుకోక ముందే ఏడ్చాడు.

"మిమ్మల్ని ఎరగరు కదండి" అంది ఆమె. "సంచులు పట్టుకోండి, సాలు."

అయిదు సంచులు మెడలో వేసుకుని వాగు దాటాను. ఒడ్డెక్కగానే అందరికంటే చిన్న గుంట నా మెడలోంచి తన సంచి లాక్కుంది. మూతి విప్పి, పలక ఉందో లేదో తడిమి చూసుకుని, తర్వాత టీచరు వెనకాల నడిచింది.